గౌతమి గట్టుకు సైకిలు దారి: జట్టు ప్రయాణానికి సామాను, సన్నాహం

యానాం నేల చదునైనది. గౌతమీ గోదావరి నుంచి కోరంగి పాయ విడిపోయే చోట, సుమారు 30 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో ఉన్న ఈ ప్రాంతంలో వంతెన ఎక్కడం తప్ప సైకిలుకు మరో ఎత్తు ఎదురుకాదు. చుట్టూ ఉన్న గోదావరి డెల్టా అంతా ఇంతే. కాబట్టి ఇక్కడికి సైకిలు మీద రావడానికి గేర్లు అక్కరలేదని, ఏ సైకిలైనా సరిపోతుందని చాలామంది భావిస్తారు. ఇందులో సగమే నిజం. కొండలు లేని చోట ఆ పని గాలి చేస్తుంది.

ఉపాధి కోసం పుదుచ్చేరి, చెన్నై, బెంగుళూరు, హైదరాబాదు నగరాలకు వలసవచ్చి స్థిరపడిన మనవారిలో ఈ మధ్య సైకిలు మోజు పెరిగింది. హైదరాబాదులో బాహ్యవలయ రహదారి పక్కన, సౌరఫలకాల పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు మార్గం 2023 అక్టోబరులో ప్రారంభమైంది. చెన్నైవారికి తూర్పు తీర రహదారి ఉండనే ఉంది. ఆదివారం ఉదయాన ముప్ఫై, నలభై కిలోమీటర్లు కలిసి తొక్కే మిత్రులకు ఏదో ఒకనాడు, సంక్రాంతికి ఊరికి సైకిళ్ళ మీదనే వెళితే ఎలా ఉంటుందన్న ఆలోచన రాక మానదు. ఆలోచన మంచిదే. అయితే ఆదివారపు సవారీకి, నాలుగు రోజుల ప్రయాణానికి తేడా దూరంలో మాత్రమే లేదు. ఆదివారం నాడు సైకిలు చెడితే ఆటో ఎక్కి ఇంటికి రావచ్చు. అవనిగడ్డ దాటిన తరువాత సాయంత్రం ఐదు గంటలకు చెడితే, ఆ సైకిలు బాధ్యత జట్టు మొత్తానిది అవుతుంది. కనుక ఎవరి సామాను వారిష్టం అన్న పద్ధతి దూరప్రయాణంలో పనికిరాదు. సామాను ఎంపిక జట్టంతా కలిసి చేయవలసిన పని. ఈ వ్యాసంలో ప్రధానంగా చెప్పదలచినది ఇదే.

జట్టుగా సైకిలుపై దూరాలు వెళ్ళడం మనకు కొత్తేమీ కాదు. 1923 అక్టోబరులో బొంబాయి నుంచి ఆరుగురు పార్శీ యువకులు ప్రపంచయాత్రకు బయలుదేరారు. సుమారు 71,000 కిలోమీటర్లు తిరిగి 1928 మార్చిలో స్వస్థలం చేరినవారు ముగ్గురే: ఆది హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భూంగరా. బయలుదేరినంతమంది తిరిగి రాకపోవడం జట్టు యాత్రలలో సాధారణం. ఇటీవలి కాలానికి వస్తే, కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం 2025 మార్చి 7 నుంచి 31 వరకు తీరప్రాంత సైకిలు యాత్ర నిర్వహించింది. పశ్చిమాన గుజరాతులోని లఖ్‌పత్ నుంచి ఒక జట్టు, తూర్పున పశ్చిమ బెంగాలులోని బక్ఖాలి నుంచి మరో జట్టు బయలుదేరి కన్యాకుమారిలో కలిశాయి. మొత్తం దూరం 6,553 కిలోమీటర్లు. అటువంటి యాత్ర వెనుక ఒక బలగపు వ్యవస్థ ఉంటుంది. మన యాత్రలో ఆ వ్యవస్థను నలుగురైదుగురు మిత్రులే సమకూర్చుకోవాలి.

యానాంకు ఈ విషయంతో మరో విధమైన చుట్టరికం కూడా ఉంది. 1954 వరకు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న ఈ ఊరిలో ‘బ్రెవే’ అన్న మాట పాత తరానికి అపరిచితం కాదు. ఫ్రెంచి చదువులలో అది యోగ్యతాపత్రం పేరు. నేడు దూరపు సైకిలు సవారీలకు ప్రపంచమంతటా అదే పేరు వాడుకలో ఉంది. 1904లో ఏర్పడిన ‘ఒడాక్స్ క్లబ్ పారిజియన్’ నియమాల ప్రకారం 200 కిలోమీటర్ల బ్రెవేను పదమూడున్నర గంటలలో, 300 కిలోమీటర్లను 20 గంటలలో, 400ను 27 గంటలలో, 600ను 40 గంటలలో ముగించాలి. ఇది పందెం కాదు. ముందు వచ్చినవారికి బహుమతి ఉండదు. గడువు లోపల చేరినవారందరూ సమానులే. మనదేశంలో ఈ సవారీలను ఒడాక్స్ ఇండియా పర్యవేక్షిస్తుంది. హైదరాబాదు మొదలైన నగరాల సంఘాలు వీటిని జరుపుతుంటాయి. ఊరికి వెళ్ళాలనుకునే జట్టు ముందుగా ఒక 200 కిలోమీటర్ల బ్రెవేలో పాల్గొంటే, ఎవరి శక్తి ఎంతో, ఎవరి సీటు ఎక్కడ నొప్పి పెడుతుందో ఇంటి దగ్గరనే తెలిసిపోతుంది.

ఇక గేర్ల సంగతి. పెడలు ఒక చుట్టు తిరిగితే సైకిలు ఎంత ముందుకు పోతుందన్నదే గేరు. ఊళ్ళలో నేటికీ కనిపించే నల్లని పెద్ద సైకిలును ఉదాహరణగా తీసుకుందాం. ముందరి చక్రానికి 44 పళ్ళు, వెనుక ఫ్రీవీలుకు 18 పళ్ళు ఉంటే, పెడలు ఒక చుట్టుకు వెనుక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. 28 అంగుళాల చక్రం ఒక చుట్టుకు సుమారు 2.2 మీటర్లు పోతుంది కనుక, ఒక తొక్కుడుకు 5.4 మీటర్ల దూరం వస్తుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు 19 కిలోమీటర్లు దాటుతుంది. గాలి లేని ఉదయాన ఇది హాయిగా సాగుతుంది.

మధ్యాహ్నం సముద్రపు గాలి లేచాక పరిస్థితి మారుతుంది. మీరు గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు ఎదురుగాలి కూడా 15 కిలోమీటర్ల వేగంతో వస్తే శరీరానికి తగిలే గాలి వేగం 30 అవుతుంది. గాలి పెట్టే అడ్డు వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. అంటే రెండింతలు కాదు, నాలుగింతలు. ఒకే గేరున్న సైకిలు మీద అప్పుడు నిలబడి తొక్కాలి, లేదా దిగి నడవాలి. ముందు 32 పళ్ళు, వెనుక 20 పళ్ళు ఉన్న గేరులోకి మారితే ఒక తొక్కుడుకు 3.4 మీటర్లే వస్తుంది. వేగం గంటకు 12 కిలోమీటర్లకు పడిపోతుంది. అయినా అదే అడ్డుకు కాలు పెట్టవలసిన బలం మూడింట ఒక వంతుకు మించి తగ్గుతుంది. మోకాళ్ళు మర్నాటికి మిగులుతాయి. కనుక డెల్టా ప్రయాణానికి పెద్ద గేరు కంటే చిన్న గేరు విలువైనది. జట్టులో అందరికన్నా బలహీనుని సైకిలుకే అందరికన్నా చిన్న గేరు ఉండాలి. ఆచరణలో తరచు దీనికి విరుద్ధంగా జరుగుతుంది. బలవంతుడు ఖరీదైన సైకిలు కొంటాడు, కొత్తగా చేరినవాడు ఎవరిదో పాతది అడిగి తెచ్చుకుంటాడు.

గేర్లను చిన్నచూపు చూసే అలవాటు పాతదే. ఫ్రాన్సులో సైకిలు పర్యటనకు ఆద్యుడుగా పేరొందిన పాల్ ద వీవీ, ‘వెలోసియో’ అన్న కలంపేరుతో గేర్ల కోసం దశాబ్దాల తరబడి వాదించాడు. పందెగాళ్ళు చాలాకాలం వాటిని వయసు మళ్ళినవారి సౌకర్యంగానే చూశారు. ఆయన 1930లో కన్నుమూశాడు. టూర్ ద ఫ్రాన్స్ పందెంలో గొలుసు మార్చే గేర్లకు 1937లో గాని అనుమతి లభించలేదు.

గేర్ల కంటే కూడా దారిలో ఎక్కువ ఇబ్బంది పెట్టేవి టైర్లు. పల్లెటూరి పంక్చరు దుకాణంలో నల్ల సైకిలు టైర్లు, ట్యూబులు దొరుకుతాయి. నగరంలో కొన్న గేర్ల సైకిళ్ళకు ఎక్కువగా ఉండే 700సీ కొలత దొరకదు. పేరులో 28 అంగుళాలని ఉన్నా రెండింటి రిమ్ముల కొలతలు వేరు: నల్ల సైకిలుది 635 మిల్లీమీటర్లు, 700సీది 622. ఒకదాని టైరు మరొకదానికి కూర్చోదు. వాల్వుల సంగతి ఇంకా చిక్కు. కొత్త సైకిళ్ళలో చాలావాటికి సన్నని ప్రెస్టా వాల్వు ఉంటుంది. ఊరి దుకాణంలోని పంపు దానికి పట్టదు. వేలెడంత కూడా లేని ఇత్తడి అడాప్టరు ఒకటి జేబులో ఉంటే ఆ చిక్కు తీరుతుంది.

ఇందుకు విరుగుడు ఖరీదైన టైర్లు కొనడం కాదు, జట్టులో అందరూ వీలైనంతవరకు ఒకే కొలత చక్రాలు, ఒకే రకం వాల్వులు వాడడం. అప్పుడు ఆరుగురికి ఆరు విడి టైర్లు మోయనక్కరలేదు. మడిచే టైరు ఒకటి, తలా రెండు ట్యూబులు, రెండు పంపులు చాలు. వెడల్పు 32 నుంచి 35 మిల్లీమీటర్లు ఉంటే కాలువ గట్ల మీద కంకరకూ తట్టుకుంటుంది, తారు రోడ్డు మీదా బరువనిపించదు. పనిముట్ల మాటకొస్తే, గొలుసు తెంచే పనిముట్టు, గొలుసు జోడించే లింకు, ఆలెన్ కీల కట్ట, ఊచల తాళం, ప్యాచీలు, సొల్యూషన్, బ్రేకు రబ్బర్లు, గేరు తీగ ఒకటి, ప్లాస్టిక్ జిప్ టైలు కొన్ని సరిపోతాయి. వీటిని ఇద్దరి సంచులలో విడదీసి పెట్టాలి. అన్నీ ముందు పోయేవాని దగ్గరే ఉంటే, పంక్చరు మాత్రం వెనుకవానికే అవుతుంది.

బరువు వీపు మీద కాక సైకిలు మీద ఉండాలి. వీపుసంచితో రెండు గంటల తరువాత మెడ, నడుము పట్టేస్తాయి, చెమట ఆరదు. వెనుక క్యారియరుకు ఇరువైపులా వేలాడే జంట సంచులలో, బరువైనవి అడుగున ఉండేలా సర్దుకోవాలి. రెండు జతల బట్టలు, ఒక తువాలు, వానకోటు, మందులు, ఫోను ఛార్జరు మించి అవసరపడేవి తక్కువ. మన దారిలో ప్రతి పది కిలోమీటర్లకు ఒక ఊరు, టీ కొట్టు ఉంటాయి. హిమాలయాలకు వెళ్ళేవారి జాబితా చూసి గుడారం, పొయ్యి మోసుకు రావలసిన పని లేదు.

దారి సంగతికి వద్దాం. యానాంకు రైలు లేదు. పుదుచ్చేరి నుంచి మొత్తం తొక్కుతూ వస్తే, దారిని బట్టి ఎనిమిది వందల కిలోమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. మొదటిసారి బయలుదేరే జట్టుకు అది తగదు. ఒంగోలు వరకు రైలులో వచ్చి, అక్కడి నుంచి 216వ జాతీయ రహదారి పట్టడం మేలు. ఇది బాపట్ల, రేపల్లె, మచిలీపట్నం, నరసాపురం, అమలాపురం మీదుగా యానాం చేరి, కాకినాడ దాటి కత్తిపూడిలో 16వ జాతీయ రహదారిలో కలుస్తుంది. బాపట్ల, మచిలీపట్నం, నరసాపురంలలో రాత్రి బసలు పెట్టుకుంటే నాలుగు రోజులలో ఊరు చేరవచ్చు. వీటిలో రెండవ రోజు మజిలీ పొడవైనది. ఆ రోజునే పెనుమూడి–పులిగడ్డ వంతెన మీద కృష్ణను దాటాలి. చివరి రోజు మూడు గోదావరులు వస్తాయి: చించినాడ వద్ద వశిష్ఠ, బోడసకుర్రు–పాశర్లపూడి మధ్య వైనతేయ, ఎదుర్లంక దగ్గర గౌతమి. ఈ చివరి వంతెన దిగితే యానామే.

వంతెనలు చూడడానికి బాగుంటాయి, తొక్కడానికి మాత్రం ఈ దారి మొత్తంలో అతి జాగ్రత్త కోరే చోట్లు అవే. నది మీద అడ్డుగాలిని ఆపే చెట్టు ఉండదు. లారీ పక్కనుంచి పోయేటప్పుడు ఒక్క క్షణం గాలి ఆగి, అది దాటగానే మళ్ళీ విసురుగా కొడుతుంది. ఆ విసురుకు సైకిలు ఒక అడుగు పక్కకు జరుగుతుంది. కాబట్టి వంతెన మీద ఒకరి వెనుక ఒకరు, మధ్య మూడు సైకిళ్ళంత ఎడంతో వెళ్ళాలి. ఫోటోల కోసం వంతెన మధ్యలో ఆగరాదు. నది ఒడ్డుకు దిగి తీసుకోవచ్చు.

రాజమహేంద్రవరం వరకు రైలులో వచ్చేవారికి సుమారు 70 కిలోమీటర్ల ఒకరోజు దారి ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట దాటి, రామచంద్రపురం, ద్రాక్షారామం, ఇంజరం మీదుగా రావచ్చు. లేదా కపిలేశ్వరపురం, కోటిపల్లి వైపు గౌతమి ఏటిగట్టు పట్టవచ్చు. అందంలో రెండవదానికి సాటి లేదు. కాని అది నైరుతి నుంచి కాక వాయవ్యం నుంచి ఆగ్నేయానికి పోయే దారి. సముద్రపు గాలి మధ్యాహ్నం తరువాత సరిగ్గా ముఖానికే కొడుతుంది. తెల్లవారకముందే బయలుదేరి, పదకొండు గంటలకు ద్రాక్షారామం చేరగలిగితే మిగిలిన దారి సులువు. గట్టు రోడ్లకు, కాలువ రోడ్లకు చాలా చోట్ల పక్కగోడ ఉండదు. చీకటిపడ్డాక వాటి మీదకు పోకూడదు.

చీకటి గురించి నగరవాసులు పొరబడే విషయం ఒకటుంది. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడ పరిసరాల మీదుగా పోతుంది. అంటే మనం దేశానికి తూర్పు వైపున ఉన్నాము. డిసెంబరు మొదట్లో యానాంలో ఐదున్నరకే సూర్యుడు అస్తమిస్తాడు. హైదరాబాదులో అప్పటికి ఇంకా పావుగంట, ముంబయిలో అరగంట వెలుతురు మిగిలి ఉంటుంది. ఆరు వరకు వెలుగుంటుందన్న అలవాటు లెక్కతో బయలుదేరినవారు చివరి పది కిలోమీటర్లు చీకటిలో తొక్కవలసి వస్తుంది. అదే సమయంలో వెనుక దీపాలు లేని ట్రాక్టరు ట్రక్కులు కొబ్బరికాయలతో, వరిగడ్డితో రోడ్డెక్కుతాయి. కోతల రోజులలో రోడ్డు మీదనే ధాన్యం ఆరబోస్తారు. గడ్డిపరక ఒకటి గేరులో చుట్టుకుంటే గొలుసు బిగుసుకుపోతుంది. ప్రతి సైకిలుకు ముందు తెల్లదీపం, వెనుక ఎర్రదీపం, మెరిసే పట్టీలున్న చొక్కా తప్పనిసరి. చివర తొక్కేవానికి రెండు ఎర్రదీపాలు ఉండాలి. హెల్మెట్ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

జట్టు నడక పద్ధతి తెలిసినవారికి సులభమే. ముందు ఒకరు, చివర ఒకరు స్థిరంగా ఉండాలి. చివర ఉండేవాడు దారి తెలిసిన, పంక్చరు వేయగల, తొందరపడని మనిషి కావాలి. అతనిని దాటి ఎవరూ వెనుకబడకూడదు. ఎనిమిది మందికి మించితే రెండు జట్లుగా విడిపోయి మధ్య రెండు మూడు వందల మీటర్లు వదలాలి. అప్పుడు వెనుకనుంచి వచ్చే బస్సు ఒక జట్టును దాటి, తన వరుసలోకి వచ్చి, రెండవదానిని దాటగలుగుతుంది. ఎదురుగాలిలో ముందున్నవాని వెనుక దగ్గరగా తొక్కితే శ్రమ బాగా తగ్గుతుంది. అయిదు, పది నిమిషాలకొకసారి ముందువాడు మారాలి. బలహీనులను ముందుకు పంపనవసరం లేదు, మధ్యలో ఉంచాలి. గుంటను చూసినవాడు చేతితో చూపి, నోటితో కూడా చెప్పాలి. వెనుకవానికి రోడ్డు కనబడదు, ముందువాని వీపే కనబడుతుంది. ముందు సైకిలు వెనుక చక్రం పక్కకు మీ ముందు చక్రాన్ని ఎప్పుడూ పోనివ్వకండి. జట్టులో సగం పడిపోవడాలు అక్కడే మొదలవుతాయని అనుభవజ్ఞులు చెబుతారు.

ఋతువు ఎంపికలో సందేహం అక్కరలేదు. డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. అక్టోబరు, నవంబరు నెలలు తుపానులవి. 1839 నవంబరులో కోరంగి రేవును ముంచినదీ, 1996 నవంబరు 6న కోనసీమను అతలాకుతలం చేసినదీ ఆ కాలపు తుపానులే. మే నెల రోహిణి కార్తె ఎండలో సైకిలు యాత్ర పెట్టుకోవడం సాహసం కాదు, అవివేకం. శీతకాలంలోనూ తీరప్రాంతపు ఉక్కలో చెమట విపరీతంగా పోతుంది. నీళ్ళు మాత్రమే తాగితే చాలదు, ఉప్పు కూడా అందాలి. ఓఆర్ఎస్ పొట్లాలు తెచ్చుకోండి. అవి అయిపోతే లీటరు నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలుపుకోవచ్చు. కోనసీమలో అడుగడుగునా కొబ్బరిబోండాలు దొరుకుతాయి, కాని వాటిలో సోడియం తక్కువ. బోండాం తాగినా ఉప్పు మానవద్దు. తోడు తొక్కేవాడు మాట తడబడుతున్నా, ఎండలో చెమట ఆగిపోయినా వెంటనే ఆపి నీడకు చేర్చి, ఒళ్ళు తడిపి, 108కు ఫోను చేయాలి.

ఒక పరిపాలనా విషయం కూడా తెలిసి ఉండాలి. ఎదుర్లంక ఆంధ్రప్రదేశ్, వంతెన ఇవతల పుదుచ్చేరి. కొన్ని కిలోమీటర్లు పోతే మళ్ళీ ఆంధ్రప్రదేశ్. ప్రమాదం జరిగితే ఏ పోలీసు స్టేషను పరిధి అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం, శిక్షార్హమైన తీవ్ర నేర సమాచారాన్ని నేరం ఏ పరిధిలో జరిగినా ఏ స్టేషనులోనైనా ఇవ్వవచ్చు. సరిహద్దు చూసి వెనక్కు పంపితే ఈ సంగతి మర్యాదగా గుర్తుచేయండి. గాయపడినవారిని సదుద్దేశంతో ఆసుపత్రికి చేర్చిన బాటసారికి మోటారు వాహనాల చట్టం 134ఏ సెక్షను రక్షణ ఇస్తుంది. పేరు చెప్పమని అతనిని బలవంతపెట్టకూడదు. గుద్ది పారిపోయిన వాహనం దొరకకపోయినా, 2022 ఏప్రిల్ 1 నుంచి ఉన్న పథకం కింద మరణానికి రెండు లక్షలు, తీవ్ర గాయానికి 50,000 రూపాయల పరిహారం కోరవచ్చు. దీనికి ఆసుపత్రి పత్రాలు, ప్రథమ సమాచార నివేదిక అవసరం. ప్రతి ఒక్కరూ రక్తపు గ్రూపు, ఇంటివారి ఫోను నంబరు రాసిన చీటీని సీటు సంచిలో కాదు, జేబులో ఉంచుకోవాలి. సైకిలు దూరంగా పడిపోవచ్చు.

తిరుగు ప్రయాణానికి దగ్గరి రైల్వే స్టేషను కాకినాడ, సుమారు 30 కిలోమీటర్లు. దారిలో కోరంగి మడ అడవులు చూడవచ్చు. రైలులో సైకిలును పార్సిలు కార్యాలయంలో బుక్ చేయాలి. రైలు వేళకు రెండు మూడు గంటల ముందే చేరడం మంచిది. పెడళ్ళు విప్పి, హ్యాండిలును చట్రానికి సమాంతరంగా తిప్పి, గేరు మార్చే భాగం చుట్టూ అట్ట కట్టి, పేరు, ఫోను నంబరు, చేరవలసిన స్టేషను రెండు చోట్ల రాయండి. చట్రం అడుగున చెక్కి ఉండే నంబరును ఫోటో తీసి పెట్టుకోండి. మంగళవారం బయలుదేరేటట్లయితే యానాం సంతలో కొన్న సరుకును జంట సంచులలో కాక చేతిసంచిలో పెట్టుకోండి, ఆ సంచులు సైకిలుతో పాటే పార్సిలు పెట్టెలోకి పోతాయి.